ఫార్వర్డ్ పాస్ 1913లో పుట్టలేదు: నోటర్ డేమ్ కథనానికి ఖండన

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర ప్రస్తావనకు వచ్చిన ప్రతిసారీ ఒక కథనం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది. 1913 వేసవిలో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నూట్ రాక్నీ, గస్ డొరే ఇద్దరూ ఈరీ సరస్సు ఒడ్డున ఇసుకలో బంతి విసురుకుంటూ ఫార్వర్డ్ పాస్‌ను కనిపెట్టారట. అంతకుముందు బంతిని అలా ముందుకు విసిరినవారే లేరట. ఎవరికీ తెలియని ఆ చిన్న కాలేజీ నవంబర్ 1న ఆ రహస్యాయుధాన్ని బయటికి తీసి, ఆర్మీ అని పిలిచే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టును 35–13తో చిత్తు చేసిందట. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఆటంతా మారిపోయిందట. కొందరు దీనికి మరో మెట్టు కట్టి, ఆ రోజు కోచ్ రాక్నీయే అని కూడా రాస్తున్నారు.

ఇందులో తేదీ నిజం, స్కోరు నిజం, సరస్సు ఒడ్డున సాధన చేయడమూ నిజమే. ఈ మూడు నిజాల నీడలో మిగిలిన తప్పులన్నీ చెల్లుబాటవుతున్నాయి. ఆ తప్పుల వల్ల కొందరికి దక్కవలసిన పేరు దక్కకుండా పోయింది కాబట్టి ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించడం అవసరమని భావిస్తున్నాను.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. ఇది మన ఊళ్లలో ఫుట్‌బాల్ అని ఆడుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకుని అవతలి జట్టు గోల్ గీత దాటించడం ఇందులో ముఖ్యం, అలా దాటిస్తే దాన్ని టచ్‌డౌన్ అంటారు. 1905 వరకు బంతిని పక్కవాడికో వెనకవాడికో అందించవచ్చు గాని ముందున్నవాడికి గాలిలో విసరడం నిబంధనలకు విరుద్ధం. అందువల్ల పదకొండు మంది ఒకే ముద్దగా చేరి, ఎదుటి వరుసను గుద్దుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ, గజం గజం చొప్పున ముందుకు జరగడమే ఆటగా ఉండేది. బంతిని ముందుకు విసిరి, పరుగెత్తుతున్న సహచరుడికి అందించడమే ఫార్వర్డ్ పాస్.

"రాక్నీ, డొరే 1913లో దాన్ని కనిపెట్టారు"

ఫార్వర్డ్ పాస్‌కు 1906లోనే నిబంధనల్లో చోటు దక్కింది. అలా దక్కడానికి కారణం మైదానంలో జరిగిన మరణాలు. 1905 సీజన్‌లో 18 మంది చనిపోయారనీ, 159 మంది తీవ్రంగా గాయపడ్డారనీ షికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్కగట్టింది. ఆ ఏడాది అక్టోబర్ 9న అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటలోని క్రూరత్వాన్ని తగ్గించమని చెప్పారు. నవంబర్ 25న న్యూయార్క్ విశ్వవిద్యాలయంతో ఆడుతూ యూనియన్ కాలేజీ ఆటగాడు హెరాల్డ్ మూర్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ మరణంతో కదిలిపోయిన న్యూయార్క్ విశ్వవిద్యాలయ ఛాన్సలర్ హెన్రీ మెక్రాకెన్ కాలేజీలన్నిటినీ సమావేశపరిచారు. ఆ కదలికలోంచి వచ్చిన సంస్థే తర్వాత 1910లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను పర్యవేక్షించే సంఘం) అన్న పేరు తీసుకుంది, ఆ కదలికలోంచే 1906 నాటి కొత్త నిబంధనలూ వచ్చాయి. ఆటగాళ్లు ఒకచోట ముద్దకట్టకుండా మైదానమంతా విస్తరించాలంటే బంతికి గాలిలో దారి ఇవ్వాలన్నది వాటి వెనకున్న ఆలోచన.

ఆ ఆలోచన కూడా 1906లో ఒక్కసారిగా పుట్టినది కాదు. 1895లో అట్లాంటాలో జార్జియా, నార్త్ కరోలినా జట్ల మధ్య జరిగిన ఆటలో నిబంధనకు విరుద్ధంగా ముందుకు పడిన ఒక విసురును జాన్ హైస్‌మన్ అనే కోచ్ చూశాడు. దాన్ని చట్టబద్ధం చేయాలని ఆ తర్వాత సంవత్సరాల తరబడి పోరాడాడు. 1905 క్రిస్మస్ రోజున కాన్సస్ రాష్ట్రంలోని విచితాలో ఫెయిర్‌మౌంట్, వాష్‌బర్న్ కాలేజీలు ప్రతిపాదిత నిబంధనలను ప్రయోగాత్మకంగా ఆడి చూశాయి. అది 0–0తో ముగిసినా అందులో ఫార్వర్డ్ పాస్‌లు పడ్డాయి. అప్పటికి రాక్నీ నోటర్ డేమ్ గడప తొక్కనే లేదు. ఆయన ఆ విశ్వవిద్యాలయంలో చేరింది 1910లో.

"అంతకుముందు ఎవరూ వాడలేదు"

ఈ కథనంలో నన్ను అన్నిటికంటే బాధించే మాట ఇదే. ఎందుకంటే ఇది ఒక జట్టు మొత్తం సీజన్‌ను చరిత్రలోంచి తుడిచేస్తోంది. ఆ జట్టు మిస్సోరీలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయానిది, ఆ సీజన్ 1906.

ఆ జట్టు కోచ్ ఎడ్డీ కోకమ్స్ విస్కాన్సిన్‌వాడు. కొత్త నిబంధనలు చదివిన వెంటనే వాటి లోతు గ్రహించిన అతికొద్ది మందిలో ఆయన ఒకరు. ఆ వేసవిలో జట్టును విస్కాన్సిన్‌లోని బ్యూలా సరస్సు దగ్గరికి తీసుకుపోయి, మిగతా పనులన్నీ పక్కనబెట్టి విసరడమే సాధన చేయించాడు. అప్పటి బంతి ఇప్పటికంటే లావుగా ఉండేది. కాలితో తన్నడానికి అనువుగా చేసినది కాబట్టి చేతికి పట్టు దొరికేది కాదు. ఆ బంతి మొత్తం మీద వేళ్లకు ఆనుకునే చోటు తోలును కుట్టిన లేసు ఒక్కటే. బంతి కొనకు దగ్గరగా ఉన్న లేసుల మధ్య వేళ్లు పెట్టి, బంతి దాని పొడవు అక్షం మీద తిరుగుతూ పోయేలా విసరమని కోకమ్స్ తన ఆటగాళ్లకు చెప్పాడు. మన పిల్లలు బొంగరాన్ని తాడు చుట్టి విసిరినప్పుడు అది తిరుగుతూ నిలకడగా ఉండడం చూసినవారికి ఇందులోని కిటుకు వెంటనే అర్థమవుతుంది. తిరగని బంతి గాలిలో దొర్లుతుంది, తిరిగే బంతి గురి తప్పకుండా పోతుంది. కాసేపటికే వైద్య విద్యార్థి బ్రాడ్‌బరీ రాబిన్సన్ పరుగున వచ్చి, తాను దాన్ని 40 గజాలు విసరగలనని కోచ్‌తో చెప్పాడట.

1906 సెప్టెంబర్ 5న విస్కాన్సిన్‌లోని వాకెషాలో కారల్ కాలేజీతో ఆట జరిగింది. రాబిన్సన్ విసిరిన మొదటి పాస్ ఎవరి చేతికీ తగలకుండా నేల మీద పడింది. ఆనాటి నిబంధన ఎంత కఠినమైనదంటే, ఎవరికీ తగలకుండా నేలను తాకితే బంతి ఎదుటి జట్టు పరమవుతుంది. అంటే తొలి ప్రయత్నంలోనే సెయింట్ లూయిస్ బంతిని పోగొట్టుకుంది. మరో కోచ్ అయితే అక్కడితో ఆ ఎత్తుగడను చుట్టబెట్టి మూలన పడేసేవాడు. కోకమ్స్ ఆ పని చేయలేదు, మళ్లీ విసరమన్నాడు. ఈసారి రాబిన్సన్ విసిరిన బంతిని 20 గజాల అవతల జాక్ ష్నైడర్ అందుకుని గోల్ గీత దాటించాడు. చట్టబద్ధమైన తొలి ఫార్వర్డ్ పాస్ టచ్‌డౌన్‌గా సాధారణంగా చెప్పేది దీన్నే. ఆ ఆటను సెయింట్ లూయిస్ 22–0తో గెలిచింది.

అది ఒక్కనాటి అదృష్టం కూడా కాదు. ఆ సీజన్‌లో సెయింట్ లూయిస్ 11 ఆటలు ఆడి పదకొండూ గెలిచింది. మొత్తం 407 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు 11 మాత్రమే ఇచ్చింది. కాన్సస్‌ను 34–2తోనూ, సీజన్ చివర అయోవాను 39–0తోనూ ఓడించింది. ఈ అయోవా ఆటకు అధికారిగా నిలబడినవాడు లెఫ్టినెంట్ హొరేషియో హాకెట్. ఆయన వెస్ట్ పాయింట్‌లో చదివి, ఆర్మీ జట్టుకు ఆడినవాడు. కొత్త నిబంధనలను ఇంత చక్కగా వాడిన జట్టును ఆ సీజన్‌లో తాను చూడలేదనీ, తూర్పు జట్ల విసురుకూ వీరి విసురుకూ పోలికే లేదనీ, వీరు బంతిని గట్టిగా, గురిగా, అందుకోవలసినవాడి దగ్గరికే కొడుతున్నారనీ ఆయన సెయింట్ లూయిస్ పత్రికకు చెప్పాడు. అంటే నోటర్ డేమ్ చేతిలో ఓడడానికి ఏడేళ్ల ముందే, వెస్ట్ పాయింట్‌కు చెందిన ఒక మనిషి ఈ ఎత్తుగడను కళ్లారా చూసి మెచ్చుకున్నాడు. ఆ మరుసటి ఏడాది, 1907లో, వాల్టర్ క్యాంప్ సంపాదకత్వంలో వచ్చిన ఆట మార్గదర్శిలో ఫార్వర్డ్ పాస్ మీద కోకమ్స్ సొంతంగా ఒక వ్యాసమే రాశాడు. అచ్చులో ఊరూరా అమ్ముడైన విషయాన్ని ఆరేళ్ల తర్వాత రహస్యం అనడం ఎలా సాధ్యం?

తూర్పున కూడా బంతి గాలిలోకి లేచింది. 1906 అక్టోబర్ 3న యేల్‌తో ఆడుతూ వెస్లియన్ జట్టు ఒక పాస్ పూర్తి చేసింది. అదే ఏడాది నవంబర్‌లో హార్వర్డ్‌పై యేల్ 6–0తో గెలిచిన ఆటలో టచ్‌డౌన్‌కు దారి చేసింది పాల్ వీడర్ విసిరి క్లారెన్స్ ఆల్కాట్ అందుకున్న పాసే.

ఇక కార్లైల్. పెన్సిల్వేనియాలో ఆదివాసీ పిల్లలను వారి ఇళ్లకు, భాషలకు దూరం చేసి ఉంచిన ప్రభుత్వ పారిశ్రామిక పాఠశాల అది. ఆ పాఠశాల జట్టు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలతో తలపడేది. కోచ్ గ్లెన్ వార్నర్ శిక్షణలో 1907లో ఆ జట్టు ఆడిన 11 ఆటల్లో పది గెలిచింది, ప్రిన్స్‌టన్ చేతిలో మాత్రమే ఓడింది. అక్టోబర్ 26న ఫిలడెల్ఫియాలో వేలాది మంది ముందు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26–6తో ఓడించిన రోజు ఫ్రాంక్ మౌంట్ ప్లెజెంట్, పీట్ హౌజర్ విసిరిన బంతులు మైదానంలో దూరదూరంగా పడి సహచరుల చేతుల్లోకి చేరాయి. ఆ తర్వాత హార్వర్డ్‌ను 23–15తో, షికాగోను 18–4తో కూడా ఆ జట్టు ఓడించింది. ఫార్వర్డ్ పాస్ 1913లో మొదలైందని రాసిన ప్రతిసారీ ఈ కుర్రాళ్లు చేసిన పని కూడా చెరిగిపోతుంది. అన్నీ పోగొట్టుకున్న పిల్లల నుంచి ఈ ఒక్క ఘనతను కూడా లాక్కోవడం నాకు న్యాయంగా తోచదు.

"పేరూ ఊరూ లేని చిన్న కాలేజీ"

తూర్పు తీరపు పత్రికలకు నోటర్ డేమ్ అంతగా తెలియకపోవచ్చు గాని, పత్రికకు తెలియనంత మాత్రాన జట్టు అనామకం అయిపోదు. 1909లోనే అది మిషిగన్‌ను 11–3తో ఓడించింది. 1911లో ఒక్క ఆటా ఓడలేదు, 1912లో ఆడిన ఏడూ గెలిచింది. అసలు ఆర్మీతో ఆట కుదరడానికి కారణమే ఈ బలం. చుట్టుపక్కల పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి నోటర్ డేమ్‌తో ఆడడానికి ఇష్టపడలేదు. మిషిగన్ 1910 నాటి ఆటను చివరి నిమిషంలో రద్దు చేసుకుంది. దగ్గరలో ప్రత్యర్థులు దొరకక, 1913లో కొత్తగా వచ్చిన కోచ్ జెస్సీ హార్పర్ దూరప్రాంతాల జట్లకు ఉత్తరాలు రాశాడు. వాటికి ఒప్పుకున్నవాటిలో ఆర్మీ, పెన్ స్టేట్, టెక్సస్ ఉన్నాయి.

"రాక్నీ కోచ్‌గా గెలిపించాడు"

ఇది సులభంగా తేలిపోయే తప్పు. 1913లో కోచ్ హార్పర్. రాక్నీ ఆ జట్టు కెప్టెన్, వరుస చివర ఎండ్ స్థానంలో ఆడినవాడు. డొరే క్వార్టర్‌బ్యాక్, అంటే ఎత్తుగడను నడిపిస్తూ బంతిని విసిరేవాడు. రాక్నీ ప్రధాన కోచ్ అయింది 1918లో. ఆ తర్వాత 105 విజయాలు, 12 ఓటములు, 5 డ్రాలతో ఆయన సంపాదించిన పేరు ఎంత పెద్దదంటే, దాని వెలుగు వెనక్కి పాకి, హార్పర్ పేరును కూడా కప్పేసింది.

"రహస్యాయుధంతో, పాస్‌లతోనే ఆర్మీని ఓడించారు"

ఆ ఆటలో డొరే 17 సార్లు విసిరి 14 సార్లు సహచరులకు అందించాడనీ, అవి 243 గజాలనీ సాధారణంగా చెబుతారు. ఆనాటికి అది అసాధారణమైన సంఖ్య, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే స్కోరు కదిలిన తీరు చూడండి. మొదట రాక్నీ ఒక పాస్ అందుకుని టచ్‌డౌన్ సాధించాడు. తర్వాత ఆర్మీ పుంజుకుని 13–7తో ముందంజ వేసింది. సగం ఆట ముగిసేసరికి నోటర్ డేమ్ 14–13తో ఒక్క పాయింట్ ఆధిక్యంలో మాత్రమే ఉంది. తేడా తెచ్చింది రెండో సగం. పాస్‌లకు భయపడి ఆర్మీ రక్షకులు వెనక్కి, పక్కలకు విస్తరించేసరికి మధ్యలో సందు ఏర్పడింది. ఆ సందులోంచి ఫుల్‌బ్యాక్ రే ఐకెన్‌లాబ్ బంతిని పొట్టకు అదుముకుని దూసుకుపోయాడు. జట్టు సాధించిన ఐదు టచ్‌డౌన్లలో రెండు ఆయన పరుగులవే. గాలిలో బంతి ఎదుటివారిని చెదరగొట్టింది, నేల మీద బంతి గీత దాటింది. ఆ రెంటినీ ఒకదానికొకటి తోడుగా నడిపించిన హార్పర్ ఆలోచనను వదిలేసి అంతా పాస్‌ల మహిమే అనడం ఆ ఆటనే తప్పుగా చదవడం అవుతుంది.

ఆర్మీకి పాస్ తెలియకపోవడం కూడా అబద్ధమే. వారి క్వార్టర్‌బ్యాక్ వెర్నన్ ప్రిచర్డ్, ఎండ్ లూయిస్ మెరిలాట్ ఇద్దరూ ఆ సీజన్‌లో పేరు తెచ్చుకున్న పాస్ జంట. నవంబర్ చివర నౌకాదళ అకాడమీ జట్టు నేవీని 22–9తో ఓడించింది ఆ జంట ఉన్న జట్టే. ఆ ఏడాది ఆర్మీ ఎనిమిది గెలిచి ఒకటే ఓడింది.

"ఆ ఒక్క మధ్యాహ్నం ఆటను మార్చేసింది"

ఆటను మార్చినది నిబంధనల పుస్తకం, అదీ మెల్లమెల్లగా. 1906లో పాస్ విసిరేవాడు బంతి మొదలైన చోటికి ఐదు గజాలు పక్కకు జరిగి విసరాలి. గోల్ గీత అవతల అందుకుంటే చెల్లదు. 1907లో, 10 గజాలు పోవడానికి ఉన్న మూడు ప్రయత్నాల్లో మొదటి రెండింటిలో పాస్ విఫలమైతే 15 గజాలు వెనక్కి పోవలసి వచ్చేది. 1910లో పక్కకు జరగాలన్న షరతు తీసేసి, 20 గజాలకు మించి విసరకూడదన్న కొత్త షరతు పెట్టారు. 1912లో ఆ 20 గజాల హద్దూ పోయింది. గోల్ గీత వెనక 10 గజాల చోటు ఏర్పరచి అక్కడ అందుకున్న పాస్‌ను టచ్‌డౌన్‌గా ఒప్పుకున్నారు. 10 గజాలు పోవడానికి మూడు ప్రయత్నాల బదులు నాలుగు ఇచ్చారు, టచ్‌డౌన్ విలువను 6 పాయింట్లు చేశారు. నాలుగో ప్రయత్నం దొరికిందంటే ఒక విసురు వృథా అయినా భరించవచ్చు. అంటే 1913 నాటి కుర్రాళ్ల చేతికి వచ్చిన ఆట కోకమ్స్ కుర్రాళ్లు ఆడిన ఆటకంటే పాస్‌కు ఎన్నో రెట్లు అనుకూలమైనది. ఒక్క విసురు నేలపాలైతే బంతే పోయే రోజుల్లో విసిరినవారి తెగువను ఈ తేడా తెలిస్తేనే తూచగలం.

మరి ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న సెడార్ పాయింట్ ఇసుకలో జరిగిందేమిటి? ఒహాయో రాష్ట్రంలోని ఆ విహార స్థలంలో వేసవి ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో రాక్నీ, డొరే గంటల తరబడి సాధన చేశారు. అప్పటికి చాలామంది బంతి కోసం ఒకచోట ఆగి, పొట్టకూ చేతులకూ మధ్య బుట్టలో పడేసుకున్నట్టు పట్టేవారు. రాక్నీ పూర్తి వేగంతో పరుగెత్తుతూ, చేతులు వదులుగా ఉంచి, వేళ్ల కొసలతో బంతిని అందుకుని, అడుగు తడబడకుండా పరుగు సాగించడం అలవాటు చేసుకున్నాడు. డొరే మనిషి ఉన్న చోటికి కాక, మనిషి చేరబోయే చోటికి విసరడం నేర్చుకున్నాడు. ఇది సానబెట్టడం, ఎంతో విలువైన సానబెట్టడం. దాన్ని కనిపెట్టడం అనవలసిన పని లేదు. ఆ సీజన్‌కు కూడా అబద్ధపు అలంకారం అక్కరలేదు. ఒహాయో నార్తర్న్‌పై 87–0, సౌత్ డకోటాపై 20–7, ఆల్మాపై 62–0, ఆర్మీపై 35–13, ఆరు రోజులకే పెన్ స్టేట్‌పై దాని సొంత మైదానంలో 14–7, సెయింట్ లూయిస్‌లోని క్రిస్టియన్ బ్రదర్స్‌పై 20–7, థాంక్స్‌గివింగ్ రోజున ఆస్టిన్‌లో టెక్సస్‌పై 30–7. ఏడుకు ఏడు, 268 పాయింట్లకు 41.

తప్పుడు కథ ఇంతగా పాతుకుపోవడానికి కారణాలు కనబడుతూనే ఉన్నాయి. సెయింట్ లూయిస్ విజయాలను మిస్సోరీ పత్రికలు రాశాయి, వెస్ట్ పాయింట్ ఆటను న్యూయార్క్ టైమ్స్ రాసింది. మైదానమంతా పరచుకుని నోటర్ డేమ్ ఆడిన ఆట ఆర్మీని నివ్వెరపరిచిందన్న దాని శీర్షిక దేశమంతా చేరింది. తర్వాత రాక్నీ దేశంలోనే పేరు మోసిన కోచ్ అయ్యాడు. 1931 మార్చి 31న కాన్సస్‌లో విమానం కూలి ఆయన మరణించినప్పుడు దేశం దుఃఖించింది. 1940లో ఆయన జీవితం మీద వచ్చిన సినిమా ఆ ఇసుక తీరాన్నీ, ఆర్మీ ఆటనూ తెర మీద చూపించి, ప్రేక్షకుల మనసుల్లో ఆ కథను స్థిరపరచింది. కోకమ్స్ మీద సినిమా రాలేదు.

కాని రాక్నీ, డొరే ఇద్దరిలో ఎవరూ ఈ ఘనతను తమదని చెప్పుకోలేదు. రాక్నీ తన జ్ఞాపకాల్లో కోకమ్స్ జట్టు 1906లో చేసిన పనిని పేరుపెట్టి చెప్పాడు. అంత చక్కని ఎత్తుగడను అందరూ వెంటనే అందిపుచ్చుకోవలసిందనీ, కొండల అవతల కూడా ఫుట్‌బాల్ ఆడుతున్నారన్న సంగతి తూర్పువారికి పట్టకపోవడం వల్లనే అది మరుగున పడిందనీ రాశాడు. సెయింట్ లూయిస్ కోచ్ ఎడ్డీ కోకమ్స్‌కే పూర్తి ఘనత దక్కాలని డొరే కూడా తర్వాతి కాలంలో విలేకరులతో చెప్పాడు.